దమ్ము చేలో మరమనిషి

సంక్రాంతికి మా మేనల్లుడు ఇంటికొచ్చి, భోగిమంట చల్లారకముందే నా చేతిలో ముప్ఫై పేజీల కథ పెట్టాడు. వాడు ఇంజినీరింగు చదువుతున్నాడు, తెలుగులో రాస్తాడు. ఈ రెండూ ఒకే మనిషిలో కుదరడం అరుదు గనుక వాడంటే నాకు కొంత పక్షపాతం ఉంది. ఆ పక్షపాతంతోనే చదివాను.

కథ ఇది. అంతర్వేది తీరానికి శత్రునౌకలు వస్తాయి. రాజమహేంద్రవరంలో గోదావరి గట్టున ఒక రహస్య కర్మాగారం ఉంటుంది. అందులోంచి అరవై అడుగుల ఉక్కుమనిషి లేచి నిలబడతాడు. ఆ ఉక్కు తలకాయలో కూర్చుని మీటలు తిప్పేది ఇరవయ్యేళ్ళ కథానాయకుడు. ఆ మహాకాయం కోనసీమ పచ్చని చేల మీదుగా అంగలు వేసుకుంటూ సముద్రం వైపు నడుస్తుంది. ఆ తరువాత జరిగేది మీరు ఊహించగలరు.

కాగితాలు పక్కన పెట్టి నేను అడిగిన ప్రశ్న ఒకటే: "ఎవరి చేల మీదుగా?"

వాడు నవ్వాడు. "మావయ్యా, అది సైన్స్ ఫిక్షను. అడంగలు కాదు" అన్నాడు. ఆ నవ్వుకి నేనిస్తున్న సమాధానమే ఈ టపా. వాడొక్కడికే కాదు, వాడిలా ఈ ఉక్కు రాక్షసులను తెలుగులోకి దించాలని ఉవ్విళ్ళూరుతున్న కుర్రకారు అందరికీను.

ముందుగా నా అనుభవం ఒకటి చెప్పాలి. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. మాకు అది దూరమే అయినా, వాన మాత్రం సార్వా పంట మీద కసితీరా కురిసింది. నీళ్ళు దిగాక, పైన నేల ఆరినట్టే కనబడుతోంది కదా అని, మా పాలికాపు వద్దంటున్నా వినకుండా చక్రాల కోత మిషనుని చేలోకి దింపించాను. గట్టు దాటి పాతిక గజాలు వెళ్ళిందో లేదో, ముందు చక్రం ఇరుసు దాకా దిగబడింది. డ్రైవరు గట్టిగా తొక్కినకొద్దీ ఇంకా దిగింది. కొబ్బరి దుంగలు తెచ్చి, చక్రాల కింద తోసి, రెండు ట్రాక్టర్లు కట్టి లాగితే మర్నాటి మధ్యాహ్నానికి బయటపడింది. ఆ తరువాత చైను మిషను తెప్పించాం. అది అదే చేలో బాతులా తిరిగి పంట కోసుకుపోయింది. బరువులో రెండింటికీ పెద్ద తేడా లేదు, ఆ బరువుని నేల మీద ఎంత మేర పరిచారన్నదే తేడా. తప్పు నాదే, ఇందులో ఎవరినీ అనడానికి లేదు. కానీ ఆ రాత్రి గట్టు మీద లాంతరు పెట్టుకుని కూర్చున్నప్పుడు నాకు అర్థమైనంత భౌతికశాస్త్రం కాలేజీలో కూడా కాలేదు.

ఇప్పుడు మావాడి ఉక్కుమనిషి దగ్గరికి వద్దాం. అరవై అడుగులంటే పద్ధెనిమిది మీటర్లు. జపానులో 1979లో మొదలైన ఒక టీవీ ధారావాహికలోని సుప్రసిద్ధ యంత్రం ఎత్తు కూడా సరిగ్గా అంతే. దాని పేరు గండమ్. మన భాషలో గండం అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. అన్ని హంగులతో దాని బరువు 60 టన్నులని ఆ కథాకర్తలే లెక్క చెప్పారు. నిజానికి అది చాలా ఉదారమైన లెక్క. ఆరడుగుల, డెబ్భై కిలోల మనిషిని అన్ని వైపులా పదింతలు చేస్తే ఎత్తు పదింతలవుతుంది, అరికాలి వైశాల్యం నూరింతలవుతుంది, బరువు వెయ్యింతలవుతుంది. అంటే రక్తమాంసాలతో చేసినా డెబ్భై టన్నులు. ఉక్కుతో చేస్తే ఎంతో మీరే వేసుకోండి. సరే, అరవై టన్నులే అనుకుందాం.

మనిషి ఒంటికాలి మీద నిలబడితే రెండువందల చదరపు సెంటీమీటర్ల మీద డెబ్భై కిలోలు, అంటే చదరపు సెంటీమీటరుకి మూడోవంతు కిలో చిల్లర పడుతుంది. మావాడి యంత్రం ఒక కాలెత్తినప్పుడు రెండో అరికాలు రెండు చదరపు మీటర్లు, దాని మీద అరవై టన్నులు. చదరపు సెంటీమీటరుకి మూడు కిలోలు! మన అర్జున్ ట్యాంకు మొదటి రకం కూడా ఇంచుమించు ఇంతే బరువు, సుమారు 58 టన్నులు. కానీ గొలుసు పట్టాల మీద పరుచుకుంటుంది గనుక నేల మీద దాని ఒత్తిడి కిలో లోపే. పునాదులు వేసే ఇంజినీర్లు మెత్తని బంకమన్ను చదరపు సెంటీమీటరుకి కిలో భరిస్తుందని, మరీ మెత్తనిదైతే అరకిలోయేనని లెక్క వేసుకుంటారు. ఇది నిలబడి ఉన్నప్పటి మాట. నడిస్తే, పరిగెడితే ఎంతో! నీళ్ళు నిలిచిన దమ్ము చేనైతే లెక్క వేయడమే దండగ.

దమ్ము చెయ్యడమంటే ఏమిటో పట్నవాసులకి రెండు ముక్కల్లో చెబుతాను. ఊడ్పులకి ముందు చేలో నీరు పెట్టి, మన్నుని పాయసంలా కలిపేస్తారు. ఆ పాయసం కింద జానెడు లోతున తరతరాల నాగళ్ళూ, కాళ్ళూ తొక్కి తొక్కి బిగిసిన ఒక గట్టిపొర ఉంటుంది. ఎద్దుని, దున్నపోతుని, దమ్ము చక్రాల ట్రాక్టరుని మోసేది ఆ పొరే. చేలో నీళ్ళు ఇంకిపోకుండా నిలబెట్టేదీ అదే. అరవై టన్నుల అడుగు ఒక్కటి పడితే ఆ పొర చిల్లు పడుతుంది. ఆ మడిలో మళ్ళీ నీరు నిలవదు, అక్కడ అడుగుపెట్టిన ఎద్దు దిగబడుతుంది. యుద్ధం ఒక పూటలో అయిపోతుంది, ఆ పాదముద్ర ఏళ్ళ తరబడి ఉంటుంది. మావాడి కథానాయకుడు రాజమహేంద్రవరం నుంచి అంతర్వేది దాకా వేసే వేలాది అంగల్లో ఇలాంటి గుంటలు ఎన్నో! మధ్యలో కాలవలున్నాయి, గట్లున్నాయి, లాకులున్నాయి. ఒక్క ప్రధాన కాలవ గట్టు తెగితే దిగువనున్న ఊళ్ళ సంగతి శత్రువు చూసుకోనక్కరలేదు.

"పాదాలు పెద్దవి పెడితే?" అన్నాడు మావాడు. పెట్టవచ్చు. నాలుగింతలు చేస్తే పడవలంత పాదాలవుతాయి, ఒకదాన్నొకటి తన్నుకుంటాయి. వాటిని ఎత్తడానికి ఇంకా పెద్ద మోటార్లు కావాలి, ఆ మోటార్ల బరువుకి ఇంకా పెద్ద పాదాలు కావాలి. మా పెద్దవాళ్ళు ఏనుగు దాహానికి చూరు నీళ్ళా అనేవారు.

ఇంతకీ జపాను వాళ్ళు ఆ పద్ధెనిమిది మీటర్ల బొమ్మని నిజంగానే నిలబెట్టారు. యొకొహామా రేవులో 2020 డిసెంబరు నుంచి 2024 మార్చి దాకా అది చేతులూ కాళ్ళూ కదిలించి జనాన్ని అలరించింది. బరువు సుమారు 25 టన్నులు. అయితే నడుము దగ్గర వెనకనుంచి ఒక ఉక్కు ఆధారం పట్టుకుని ఉండేది. తన బరువుని తన కాళ్ళ మీద మోస్తూ అది ఒక్క అడుగూ వేయలేదు. అదీ కాంక్రీటు మీద! మన 'కల్కి 2898 ఏడీ' కోసం కట్టిన బుజ్జి అనే బండి ఆరు టన్నులట. తెర మీద ఏ రూపమెత్తినా, బయట రోడ్డు మీద అది తిరిగింది మూడు చక్రాల మీదే. ఆ తయారీదారులకు నా నమస్కారం. ఏది ఎక్కడ సాధ్యమో వారికి తెలుసు.

అవతలి పక్షంలో బలమైన వాదం ఒకటుంది, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. చక్రం వెళ్ళలేని చోటికి కాలు వెళుతుందన్నదే ఆ వాదం. నిజమే. ట్రాక్టరు దిగబడ్డ చేలో దున్నపోతు హాయిగా నడుస్తుంది. కానీ ఆ గిట్ట ఎప్పుడైనా చూశారా? రెండుగా చీలి ఉంటుంది. బురదలో మోపినప్పుడు విచ్చుకుంటుంది, ఎత్తినప్పుడు ముడుచుకుని గాలి పోనిచ్చి సులువుగా బయటికొస్తుంది. ఏనుగు పాదమూ అంతే. లోపల మెత్తలాంటి కండ ఉండి, బరువు పడితే వెడల్పవుతుంది, ఎత్తితే సన్నబడుతుంది. పైగా వీటికి నాలుగేసి కాళ్ళు. రెండు కాళ్ళ మీద నిటారుగా నిలబడ్డ ఉక్కుబూటుకి ఇవేవీ లేవు. 1960లలో అమెరికాలో జనరల్ ఎలెక్ట్రిక్ సంస్థ సైన్యం కోసం నాలుగు కాళ్ళ నడిచే బండి ఒకటి చేసింది. లోపల కూర్చున్న మనిషి తన రెండు చేతులతో, రెండు కాళ్ళతో ఆ నాలుగు కాళ్ళనూ నడపాలి. బండి నడిచింది గానీ కొద్ది నిమిషాలకే లోపలి మనిషి అలసిపోయేవాడు. ఆ పని అక్కడితో ఆగింది. 2025 జనవరిలో పుణేలో జరిగిన సైనిక దినోత్సవ కవాతులో మన సైన్యపు నాలుగు కాళ్ళ యంత్రాలు నడిచాయి. అవి కుక్కంత ఉంటాయి. లోపల ఎవరూ కూర్చోరు. కాలుకి యుద్ధంలో భవిష్యత్తు ఉంటే అది ఇలా ఉంటుంది.

ఇహ అసలు విషయం. మనిషెక్కి నడిపే మహాకాయ యుద్ధయంత్రాన్ని జపాను వాళ్ళు కనిపెట్టారని మన కుర్రాళ్ళు అనుకుంటున్నారు. నాయనలారా, దానికి మనం రెండువేల ఏళ్ళకు పైగా మేత వేశాం! తొండం ఉండేది, మావటి ఉండేవాడు, పైన అంబారీ ఉండేది. రష్యా నుంచి వచ్చిన వర్తకుడు అఫనాసీ నికితిన్ 1470లలో బీదరులో చూసి రాసుకున్నాడు: ఏనుగులకి ఉక్కు కవచాలు తొడిగి, దంతాలకి పెద్ద కత్తులు కట్టి, వీపు మీద బురుజులు నిలిపి, వాటిలో సాయుధులను కూర్చోబెట్టేవారట. ఆ దశాబ్దంలోనే ఆ బహమనీ సేనలు మన రాజమహేంద్రవరం దాకా వచ్చాయి. అంతకుముందు ఈ నగరాన్ని ఏలినవారి బిరుదే గజపతి. అశ్వపతి, గజపతి, నరపతి అని మూడు సింహాసనాలను మన పూర్వులు సైన్యపు బలాన్ని బట్టే పిలుచుకున్నారు. చివరికి గజపతి నుంచి ఈ నగరాన్ని గెలుచుకున్నది ఎవరు? నరపతి కృష్ణరాయలు. (రాయలకి ఏనుగులు లేవని కాదు, హంపీలో గజశాల నేటికీ ఉంది. పేర్లలోని చమత్కారం కోసం చెప్పాను, చరిత్రకారులు నన్ను మన్నించాలి.)

ఆ రెండువేల ఏళ్ళ ప్రయోగ ఫలితాలు మన ముందున్నాయి. 1556లో రెండో పానిపట్టు. గెలుపు చేతికందుతుండగా, ఏనుగు మీద అందరికీ కనబడేలా కూర్చున్న హేమూ కంటికి బాణం తగిలింది. సైన్యం చెదిరిపోయింది. 1658లో సామూగఢ్. దారా షికో ఏనుగు మీద ఉంటే గురి అవుతున్నానని దిగి గుర్రమెక్కాడు. ఖాళీ అంబారీ చూసి అతడు చచ్చాడనుకుని సేన పారిపోయింది. ఉంటే ఒక చావు, దిగితే ఒక చావు. లివీ అనే రోమను చరిత్రకారుడు ఇంకో సంగతి రాశాడు. కార్తేజి సేనాని హస్ద్రుబల్ తన మావటివాళ్ళకి ఉలి, సుత్తి ఇచ్చేవాడట. ఏనుగు బెదిరి సొంత సేన మీదికి తిరిగితే దాని మెడలో ఉలి దించి చంపడానికి! తన వాహనాన్ని తానే చంపుకునే పనిముట్టు కూడా దగ్గర పెట్టుకోవలసి వచ్చింది. మావాడి యంత్రంలో ఆ ఉలి ఏదీ అని అడిగాను. లేదు.

భారతం కూడా ఈ మాట చెప్పింది, ఆ భారతం తెలుగవడం మొదలైంది మన రాజమహేంద్రవరంలోనే. ద్రోణపర్వంలో భగదత్తుడు సుప్రతీకం అనే ఏనుగు మీద వచ్చి పాండవసేనను చిందరవందర చేస్తాడు. వృద్ధుడు, కనురెప్పలు వాలిపోతుంటే నుదుటికి పట్టీ కట్టుకుంటాడు. అర్జునుడు ఆ పట్టీని బాణంతో తెంపుతాడు. రెప్పలు కళ్ళ మీద పడ్డాయి, అంతే! అంత ఏనుగు, అంత కవచం ఉండి, మొత్తం వ్యవహారం ఒక గుడ్డపేలిక మీద ఆధారపడి ఉంది. ఎక్కిన మనిషి చూపు పోతే ఎక్కిన కొండ ఎంతదైనా ఒకటే. ఇక గజేంద్రుడి సంగతి మీకు చెప్పనక్కరలేదు. అడవినంతా గడగడలాడించినవాడిని మడుగులో మొసలి పట్టుకుంది. నేల మారితే బలం ఎవరిదో మారిపోతుంది.

మా గోదావరి ప్రాంతంలో యుద్ధం తెలివిగా చేసినవాళ్ళు ఎత్తు చూపించుకోలేదు, దాక్కున్నారు. 1758 డిసెంబరులో గొల్లప్రోలు దగ్గర చందుర్తిలో ఫ్రెంచివారికీ ఇంగ్లీషువారికీ జరిగిన పోరే చూడండి. ఇంగ్లీషు సేనాని ఫోర్డు తన తెల్లసైనికులను ఏపుగా పెరిగిన మొక్కజొన్న చేను వెనక ఉంచాడు. ఎర్రకోట్లు తొడిగిన సిపాయిలను ఫ్రెంచివారు తెల్లదళమనుకుని వారి మీదికి ఉరికారు. అసలు దళం పంటచాటు నుంచి వచ్చి పడింది. ఉత్తర సర్కారుల భవిష్యత్తుని మలుపు తిప్పినవాటిలో ఒక జొన్నచేను ఉంది. పద్ధెనిమిది మీటర్ల యంత్రం జొన్నచేలో దాక్కోలేదు. చదునైన డెల్టాలో అది పది పదిహేను కిలోమీటర్ల అవతలికి కూడా కనబడుతుంది. ఇక్కడ మావాడు నన్ను ఒక దెబ్బ కొట్టాడు. "కొబ్బరిచెట్టు ఎత్తు కూడా అంతేగా మావయ్యా, తోటలో దాగుతుంది" అన్నాడు. ఒప్పుకున్నాను. చెట్టుకీ చెట్టుకీ పాతికడుగుల ఎడం ఉంటుంది, ఒళ్ళు దగ్గర పెట్టుకుని నిలబడితే దాగవచ్చు. కదిలితే మాత్రం మట్టలు విరిగిన చప్పుడు అంతర్వేదికి వినబడుతుంది.

2022 నుంచి ఉక్రెయినులో జరుగుతున్నది చూస్తూ కూడా ఈ కథలు రాయడం నాకు వింతగా ఉంది. అక్కడ చిన్న డ్రోనులకి భయపడి ట్యాంకుల మీద ఇనప పంజరాలు కట్టుకుంటున్నారు. రెండున్నర మీటర్ల ఎత్తుండే ట్యాంకుకే అంత భయమైతే, పద్ధెనిమిది మీటర్ల మోకాలికి ఎన్ని పంజరాలు కట్టాలి? ఒక మోకాలు పోతే చాలు. పదిహేను మీటర్ల ఎత్తున కూర్చున్న కుర్రవాడు గంటకి అరవై కిలోమీటర్ల వేగంతో నేలను కొట్టుకుంటాడు. లోపల ఎన్ని పట్టీలు బిగించుకున్నా వాడి మెడకి ఆ పట్టీలు లేవు.

"ఇదంతా లెక్కల గోల. కథకి స్వేచ్ఛ లేదా?" అని అడుగుతారని తెలుసు. ఉంది. పుష్పకవిమానానికి ఇంధనం అడిగే మూర్ఖుణ్ణి కాను. అద్భుతాన్ని అద్భుతమని చెప్పి రాయండి, చదువుతాను. 'సైన్సు' అనే మాట తగిలించి, నాలుగు సాంకేతిక పదాలు చల్లి, ఆ పరువుతో బతకాలనుకుంటే మాత్రం లెక్క చెప్పాలి.

నా అసలు కోపం లెక్కల మీద కూడా కాదు. ముప్ఫై పేజీల ఆ కథలో కోనసీమ ఉంది, కోనసీమ మనిషి ఒక్కడూ లేడు. అరవై అడుగుల ఎత్తునుంచి చూస్తే చేను పచ్చని తివాచీ. తివాచీకి యజమాని ఉండడు, కౌలుదారు అసలే ఉండడు. 1995 జనవరి 8న పాశర్లపూడిలో చమురు, సహజవాయువుల కోసం తవ్విన బావి పేలింది. ఆ మంట రెండు నెలలకు పైగా మండింది. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఇళ్ళు వదిలి వెళ్ళారు. అది శత్రువు తెచ్చిన యంత్రం కాదు, మనదే, మన మంచికే తెచ్చినది. మంట ఎత్తు అందరూ చెప్పారు, ఆ వేడికి మాడిన కొబ్బరితోటల వాళ్ళ మాట ఎందరు రాశారు? రాక్షసయంత్రం డెల్టాలో అడుగుపెడితే ఏమవుతుందో ఊహించడానికి మాకు జపాను అక్కరలేదు.

ఆ జపాను వాళ్ళే మావాడికన్నా నయం. 1988లో వచ్చిన 'పాట్లబర్'లో ఆ యంత్రాలు పోలీసు శాఖవి. వాటికి మరమ్మతులుంటాయి, ఖర్చులుంటాయి, మెకానిక్కుల తిట్లుంటాయి. ఇక 1898లోనే వెల్స్ మహాశయుడు అంగారకుల ముక్కాలి యంత్రాలను రాశాడు. ఆ కథ చెప్పేది ఎవరు? యంత్రంలో కూర్చున్నవాడు కాదు, దాని కింద పరుగెత్తేవాడు. అందులో ఒక యంత్రం మామూలు ఫిరంగిగుండు తగిలి కూలిపోతుంది కూడా. నూట పాతికేళ్ళు దాటినా ఆ కథ నిలిచింది, చూపు కిందినుంచి ఉన్నందుకేనని నా నమ్మకం.

ఈ మాటలన్నీ కనుమ నాటి భోజనాల దగ్గర వాడితో అనేశాను. మా అక్క "పండగపూట పిల్లాణ్ణి ఎందుకురా అలా ఏడిపిస్తావు" అని కసిరింది కూడా. వాడు మారుమాట్లాడకుండా వెళ్ళిపోయాడు. నాలుగు రోజులయ్యాక ఫోను చేశాడు. "మావయ్యా, ఆ రోజు మిషను దిగబడితే కొబ్బరి దుంగలు నిలువుగా వేశారా, అడ్డంగానా?" అన్నాడు. అడ్డంగా, చక్రం ఎక్కేలా, అన్నాను. "ట్రాక్టర్లు ముందునుంచి లాగాయా, వెనకనుంచా?" వెనకనుంచి, వచ్చిన దారినే, అన్నాను. "లాగుతున్నప్పుడు గట్టు తెగితే పక్కచేనువాళ్ళు ఊరుకున్నారా?" ఊరుకోలేదు, అన్నాను.

ఇప్పుడు ఆ కథలో ఉక్కుమనిషి మా ఊరి చేలో మోకాలి లోతున దిగబడి ఉన్నాడు. తలకాయలోంచి కుర్రవాడు తాడు మీద కిందికి దిగాడు. గట్టు మీద పదిమంది రైతులు నిలబడి ఉన్నారు. వాళ్ళ మొదటి ప్రశ్న ఏమై ఉంటుందో తేల్చుకోలేక వాడు అక్కడ ఆగాడు.